తలకిందులు

మన్ననూరు చెక్‌పోస్టు కాడ
మా సంచులు విప్పి చూసినోడు నవ్విండు.
మనిషికి పదకొండు కిలోలు:
అటుకులు, టార్పాలిన్‌, రెండు పలుగులు, కొడవండ్లు.
"గుడికా, గుట్టకా?" అని అడిగిండు.
"కంపకు" అన్నం.

దేవరకొండలో మోటార్లకు వైండింగు చుట్టేటోణ్ణి నేను.
నా ఎనక బ్యాంకు క్యాషియర్‌ పరిమళ,
ఆమె ఎనక డిగ్రీ తప్పిన కవల తమ్ముళ్లు.
అందరికంటె ముందు చిగుర్ల ఈదమ్మ,
చెప్పులు చంకల పెట్టుకొని,
దారి పాదాలకే తెలుస్తదన్నట్టు.

నాలుగు గంటల నడక.
వాగు దాటినంక మొదలైంది
పులికంప.
మద్దిచెట్ల మోకాళ్ల దాకా కాదు, మెడల దాకా.
పసుపు, గులాబీ, గుత్తులు గుత్తులు,
పెండ్లి పందిరి లెక్క.
మా ఊర్లె దీన్ని తలంబ్రాల చెట్టంటరు.
పూలు పీకి తొడిమల తీపి చప్పరించినోణ్ణి,
బొమ్మల పెండ్లికి దోసిళ్లతోటి పోసినోణ్ణి.
ఆ పందిరి కింద
గడ్డి లేదు.
గడ్డి లేని కాడ దుప్పి లేదు.
దుప్పి లేని కాడ ఇంకేది ఉండదో
ఈదమ్మ పేరు పెట్టి చెప్పది.
అడవిల ఆ పేరు ఎత్తరట.

నరికితే చావదు ఇది.
నరికిన కాడ నాలుగు మొలుస్తయి.
తొలివానకు మెత్తబడ్డ మట్టిని జానెడు తోడి,
వేరుకూ కాండానికీ నడుమ
మెడ యాడుందో తడిమి చూసి
ఒక్క దెబ్బ.
తర్వాత పొదను పొదగా ఎత్తి
తలకిందులు పెట్టాలె,
వేర్లు ఆకాశానికి,
పూలు మట్టికి,
మల్ల నాటుకోకుండ.

తొలినాడు పద్నాలుగు.
పరిమళ లెక్కేసింది, క్యాషియర్‌ గద,
ఈ ఒక్క గుట్టకే పందొమ్మిదేండ్లు.
కవలల్ల చిన్నోడు అరచేతి ముల్లు తీసుకుంట
"అప్పటికి నాకు నలభై అన్నా" అన్నడు,
చాయపత్తి తక్కువైందన్నంత మామూలుగ.

రాత్రి మంట కాడ
ఈదమ్మ కొంగుముడి విప్పి
మడతలు అరిగిన కాగితం తీసింది.
చదువుమంది.
పెంట ఖాళీ చేసి కిందికి దిగితే
ఇంత పైకం, ఇంత భూమి.
చదివిన. నా గొంతు నాకే
ఆఫీసరు గొంతు లెక్క ఇనబడ్డది.

ఆమె నా దిక్కు చూడలే.
"మా తాతలు ఈడ తేనె దీసిండ్రు.
మమ్ముల పొమ్మని కాగితమొచ్చింది.
ఇది నిన్నమొన్న వచ్చింది గద,
దీనికెవలిచ్చిండ్రు కాగితం?"

మంటల పుల్ల ఒకటి చిటిల్లింది.
పొద్దంత పీకిన మా చేతులు
ఎవలి దిక్కు పని చేసినయో
ఆ రాత్రి నాకు తెల్వలే.
ఇప్పటికీ తెల్వదు.

మూడోనాడు, వాగు ఒడ్డుకు,
నేను పలుగెత్తితే మణికట్టు పట్టుకుంది.
పొద అడుగున, ఎండుటాకుల మీద, కౌజుపిట్ట.
పోలేదు. కదలలేదు.
గుండె కొట్టుకునుడు రెక్కల మీద కనబడుతున్నది.
దాని కింద గుడ్లు, ఎన్నో లెక్కపెట్టనియ్యలే.
"దీన్ని ఇడువుండ్రి."

"కాయలు పండుతయి గదమ్మా,
పిట్టలు తిని గుట్టంత చల్లుతయి"
అన్నది పరిమళ, పుస్తకాలు చదివిన మనిషి.

"చల్లనియ్యి. మల్లొస్తరు గద?
రారా?"

ఆ రారాకు ఎవలం జవాబియ్యలే.
చిన్నోడు తన ఎర్ర దస్తీ చింపి
కొమ్మకు కట్టిండు.

దిగుతుంటే ఎనక్కి తిరిగి చూసిన.
యాభై మూడు పొదలు కాళ్లు పైకెత్తి పండుకున్నయి.
నడుమ ఒక్కటి నిలబడి
ఎర్ర పేలిక ఊపుతున్నది,
పొమ్మనో, రమ్మనో.

దేవరకొండల బస్సు దిగి
ప్యాంటు మడత దులిపితే
నల్లటి కాయలు రెండు రాలినయి,
పిట్ట కండ్ల లెక్క మెరుస్తున్నయి.
ఏరి, చాయ్‌ కొట్టు పొయ్యిల ఏసిన.

మూడోది ఉన్నదేమోనని
ఇంకా దేవులాడుతున్న.