మూత లోపలివైపు

రావులపాలెంలో మా షెడ్డుకి
లారీ మీద ఎక్కించి తెచ్చారు దాన్ని.
చక్రాలున్నాయి గాని
దొర్లడం మర్చిపోయిన జీపు.

ఇరిగేషనోళ్ల వేలంలో పాడుకున్నారట రామభద్రరాజుగారు,
చెరువుల మీద తిరగడానికి కాదు,
గెస్ట్‌హౌసు ముందు నిలబెట్టడానికి.
"లోపలంతా కొత్తగా ఉండాలి బాజీ,
కూచుంటే కొత్త చెప్పుల వాసన రావాలి."

ఇంజనుతో నాకు పని లేదు.
నాది దబ్బనం, నైలాను దారం, రెక్సిను.
మనుషులు ఆనుకునే చోట్లే నా చోట్లు.

ముందు సీట్లు విప్పాను.
గుడ్డ కింద గోనె, గోనె కింద కొబ్బరి పీచు,
పీచులో ఎలక గూడు,
గూట్లో కొరికి మెత్తగా పరిచిన
నీటితీరువా రసీదులు.

"ఫోము వేసేద్దాం" అన్నాడు చినసత్యం.
ఫోము రెండేళ్లకి కుంగుద్ది.
పీచు మొండిది,
మనిషి లేస్తే తనూ లేస్తుంది.
అంబాజీపేట పోయి రెండు కట్టలు తెచ్చాను.
ఎండబెట్టి, చిక్కు తీసి, దులిపితే
మూడ్రోజులు షెడ్డంతా తుమ్ములే.

డాష్‌బోర్డు అలా కాదు, అది మొహం.
మూడు గుండ్రటి గాజులు.
ఒకదాన్లో ఇప్పటికీ సగం దాకా నీటి గీత,
టీ గ్లాసు అడుగున మరకలా ఎండిపోయి.
మర విప్పితే జలజలా రాలింది ఒండ్రు,
వేళ్ల మధ్య నిలవనంత సన్నం.
పక్కన నిలబడి కొలుచుకున్నాను,
నా రొమ్ముకి బెత్తెడు కింద.

చోకు పిడి విరిగింది,
కొబ్బరి చిప్ప అరగదీసి బిగించాను.
ఇత్తడి పలకకి చింతపండు.
కిలోమీటర్ల అంకె
నలభై ఏడు వేల మూడొందల పదహారు దగ్గర ఆగింది.
"సున్నా చేసెయ్యండి" అని ఫోన్లో రాజుగారు.
చినసత్యం స్క్రూడ్రైవరు పట్టుకుని నా వంక చూశాడు.
నేను దారం ఎక్కిస్తున్నాను,
వినపడనట్టు.

సొరుగు మూత బిగుసుకుపోయింది.
కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేస్తే
పొద్దున్న కిర్రుమని తెరుచుకుంది.
లోపలివైపు పెన్సిలు రాత:

రాత్రి ఏడు, పదిహేడు ముప్పావు
తొమ్మిది, పద్దెనిమిదింపావు
పదకొండు, పంతొమ్మిది
ఒంటిగంట,

అంతే.
పక్కన అంకె లేదు.

ధవళేశ్వరం నీళ్లు, అడుగుల్లో.
వైర్లెస్సులో వినపడింది వినపడినట్టు
ఎవరో డ్రైవరు, ఒళ్లో టార్చి పెట్టుకుని.
ఏడుకీ తొమ్మిదికీ అక్షరం నిటారుగా ఉంది,
పదకొండుకి వంకరపోయింది.

గోదారి పొంగిన ఆ ఏడు నాకు ఆరేళ్లు.
గట్టు మీదికి పరిగెత్తేటప్పుడు
మా అమ్మ కుట్టుమిషను తలకాయ ఊడదీసి
చంకనేసుకుంది. నన్ను నడవమంది.
చీకట్లో ఒక జీపు
హారను ఆపకుండా అటూ ఇటూ తిరిగింది.
ఇదే అని చెప్పను.
జీపులన్నిటికీ ఒకటే గొంతు.

ఏసుపాదం స్ప్రేగన్ను పట్టుకుని వచ్చాడు,
పిస్తా రంగు.
"మూత లోపల కూడా కొట్టేద్దునా?"
"ఆయ్, ఆగు."
పాత పేపరు కత్తిరించి, నాలుగు వైపులా టేపు వేశాను,
పంటి కింద నలిగిన గాలి బుడగలు
గోటితో ఒక్కొక్కటీ నొక్కి.
"రాజుగారు అడిగితేనో?"
"సొరుగు లోపల ఎవరు చూస్తార్రా."

చినసత్యం గట్టు దాకా పోయొచ్చాడు.
అంకె కదిలింది.
మూడొందల పదిహేడు.

రాజుగారొచ్చి కూచున్నారు.
పీచు కాస్త గుచ్చుకున్నట్టుంది, సర్దుకున్నారు.
చెప్పుల వాసన వచ్చిందో లేదో చెప్పలేదు.
కళ్లజోడు పెట్టుకోవడానికి సొరుగు తెరిచి
అలాగే కాసేపు ఉండిపోయారు.
ఏమీ అడగలేదు.
మూత మాత్రం నెమ్మదిగా వేశారు.

బండి జొన్నాడ వంతెన వైపు తిరిగింది.
అక్కడ ఇప్పుడు గోదారి
ఇసకలో మోకాటి లోతు.

సాయంత్రం షెడ్డు ఊడిస్తే
చేటెడు ఒండ్రు తేలింది.
పారబొయ్యబుద్ధి కాక
మందార కుండీలో పోశాను.