స్టెప్నీ

నెలమంగల టోల్ దాటి, పీణ్య ఫ్లైఓవర్ ఇంకా రాకముందు
వెనక ఎడమ చక్రం మొదట గొణిగింది,
తర్వాత బండి నడుము జారింది.
రాత్రి తొమ్మిదీ నలభై.

బ్రేకు ఎగిరి తొక్కలేదు.
యాక్సిలేటరు మీంచి కాలు తీసి
భయాన్ని కూడా మెల్లగా పక్కకి నడిపించాను,
మట్టి గట్టిగా ఉన్న చోటు దాకా.
రిమ్ము నలిగితే నలగనీ,
లారీల దారిలో ఆగను.

నాలుగు దీపాలూ కొట్టుకోవడం మొదలెట్టాయి
నా గుండెకన్నా నిదానంగా.

మేదినిని ఎడమ తలుపులోంచే దింపి
రెయిలింగు అవతల, బండికి దూరంగా నిలబెట్టాను.
"పిలిచేదాకా ఆ రాయే నీ ఊరు."
"ఊరికి పేరేం పెట్టనమ్మా?"
పెట్టుకో. పేరు వెతికేంతసేపు కదలవు.

డిక్కీలో యాభై మూడు చీరలు.
తుమకూరు ఎగ్జిబిషన్‌లో రెండు రోజులు పరిస్తే
మడత నలగకుండా తిరిగొచ్చినవి.
ఆ బరువంతా రెయిలింగు మీద దొంతర పెడితేగానీ
స్టెప్నీ మొహం కనబడలేదు.

త్రికోణానికి ఒక కాలు విరిగింది.
వచ్చే లైట్లకు ఎదురుగా, అంచు పట్టుకుని వెనక్కి నడిచి
నీళ్ల బాటిలు ఆనించి నిలబెట్టి వచ్చాను.

"ఏనాయ్తక్కా?"
వీపున ఎర్ర పెట్టె. బసవలింగ, రాయచూరు,
మాట సగం కన్నడం సగం మనది.
పెట్టెలో ఎవరిదో బిర్యానీ చల్లారుతోంది.
వస్తూనే జాకీ అందుకున్నాడు.

ఆగు.
హ్యాండ్‌బ్రేకు. ఫస్టు గేరు.
ఎదురు మూల చక్రానికి అటొక రాయి, ఇటొక రాయి.
ఆ తర్వాత, చక్రం నేల మీద ఉండగానే, నట్లు.
ఊడదియ్యడం కాదు, ఒక్క చుట్టు సడలించడం.
గాల్లోకి లేపాక తిప్పితే
చక్రం తిరుగుతుంది, నట్టు తిరగదు.
నేల పట్టుకుంటేనే బిగుసుకున్నది వదులుతుంది.

ఇది చెప్పింది ఓబుళమ్మ,
హిందూపురం లారీ ఆఫీసులో
గ్రీజంటిన గాజులతో టైర్లు మార్చిన మనిషి.
"చేత్తో కాదు పిల్లా, నీ బరువుతో."

మూడు నట్లు మాట విన్నాయి.
నాలుగోదాని స్పానరు మీద నేనే ఎక్కి నిలబడ్డాను,
బసవలింగ నా మోచెయ్యి పట్టుకున్నాడు.
కిర్రు.
రెయిలింగు అవతల చప్పట్లు.

నేలంతా గాజుపెంకులు.
మోకాళ్ల కింద ఒక వంకాయ రంగు నేత చీర పరిచాను.
స్టెప్నీని బండి కింద పడుకోబెట్టాను,
జాకీ జారితే అది మోస్తుందని.
ఒక ట్రక్కు పోయిన గాలికి కారు ఊగింది.
పొయ్యి మీంచి తీసినట్టు
ఇద్దరం ఒకేసారి చేతులు లాక్కున్నాం.

బిగించేటప్పుడు పక్కది కాదు, ఎదురుది.
ముగ్గులో చుక్కని అడ్డంగా కలిపినట్టు.
దించాక మళ్లీ ఒకసారి, అన్నీ.

అతని ఫోను అప్పటికి మూడుసార్లు మోగింది.
"బర్తా ఇద్దీని సార్" అని ముగ్గురికీ చెప్పాడు,
ముగ్గురూ ఒక్కరే అనుకుంటా.
డబ్బిస్తే తీసుకోలేదు.
"మీ అమ్మకి ఏ రంగు ఇష్టం?"
కాసేపు ఆలోచించాడు.
"తెలీదక్కా."
దొంతరలో చేతికందింది ఇచ్చాను.
బిర్యానీ పక్కనే పెట్టుకుని పోయాడు.

"పంచరాపురం" అంది మేదిని, సీటు బెల్టు పెట్టుకుంటూ.
జనాభా ఒకరు. వీధి దీపాల్లేవు.

నలభై దాటకుండా నడిపి
కనబడిన మొదటి పెట్రోలు బంకులో ఆగాను.
నట్లు మళ్లీ చూసుకున్నాను, గట్టిగానే ఉన్నాయి.
గాలి కొట్టే కుర్రాడు స్టెప్నీకి గొట్టం పెట్టి
మీటరు నా వైపు తిప్పాడు.
ముప్పై మూడు ఉండాల్సిన చోట పద్దెనిమిది.

ఓబుళమ్మ అది కూడా చెప్పే ఉంటుంది.
నేనప్పుడు గాజుల వైపు చూస్తున్నాను.