పాట అడిగే వంతు

రానూపోనూ మనిషికి ముప్ఫై ఒక్క యూరోలు.
ఆ ధరకి టికెట్లు దొరికాయని
వౌట్ గురువారం లాబ్‌లో గంతేస్తే
సగంలో ఉన్న టైట్రేషన్ కాస్తా గులాబీరంగు దాటిపోయింది.
సంచి సీటు కింద పట్టేంతే ఉండాలి కాబట్టి
తియానా నాలుగు స్వెటర్లూ ఒంటిమీదే వేసుకొచ్చింది.
విమానాశ్రయం తనిఖీలో
ఉల్లిపాయని ఒలిచినట్టు ఒలిచారు దాన్ని.

డబ్లిన్‌లో ఆగలేదు. అక్కడి గ్లాసు ధర విని
అనెలీన్ మమ్మల్ని నేరుగా బస్సెక్కించింది.
మూడు గంటలు పడమటికి, ఎనిస్ అనే ఊరికి.
వాన పడుతోందనడానికి లేదు,
పడటంలేదనడానికీ లేదు.
గాలే తడిసి ఉంది.

హెహిర్ వాళ్ల పబ్బు.
తలుపు తోస్తే ముందు వెచ్చదనం, తర్వాత వెలుగు,
ఆ వెనకే తడి ఉన్నికోట్ల వాసన.
నల్లబీరు ముప్పాతిక పోసి పక్కన పెట్టేసింది నోరీన్.
తెలీక చేతులు చాచాం.
"దాని పని దాన్ని చేసుకోనివ్వండి" అంది.
గ్లాసులో గోధుమరంగు మబ్బు,
గోడల వెంట కిందికి, నడుమ పైకి అట.
కెమికల్ ఇంజనీరింగ్ చదువుతున్న నలుగురం
నోరు తెరుచుకుని చూశాం
పైన వేలెడు మీగడ కట్టేదాకా.

మూలబల్ల వాయించేవాళ్ళది.
అక్కడ ఖాళీ కుర్చీ ఉన్నా కూర్చోకూడదని
ఎవరూ చెప్పలేదు;
వౌట్ కూర్చున్నాక మాత్రం అందరూ చెప్పారు.
ఫిడేలు సోర్కాది. పగలు పశువుల డాక్టరు.
మధ్యాహ్నం దూడని బయటికి లాగిన చేతులే అవి,
ఇంకా మోచేతి దగ్గర గీరుకుపోయి ఉంది.

పదకొండు దాటాక డోనా పాడాడు.
లేవలేదు, కళ్ళు మూసుకున్నాడంతే,
పబ్బు మొత్తం గ్లాసులు దింపింది.
మునిగిన పడవ మీద పాట, అందులో మనుషుల పేర్లే ఎక్కువ.
పక్కనున్న ముసలాయన అతని చెయ్యి పట్టుకుని
బావి గిలకలా మెల్లగా తిప్పుతున్నాడు,
ఒక్కో పేరూ చేదతో పైకి వస్తున్నట్టు.

పాడినవాడిదేనట
తర్వాత ఎవరిని పాడమనాలో చెప్పే వంతు.
డోనా వేలు గదంతా తిరిగి నా దగ్గర ఆగింది.
"పోర్చుగల్ పిల్ల."

గొంతులో వెలక్కాయ.
చర్చి బృందంలో నన్ను పెదాలు మాత్రమే కదపమనేవారు.
నాకొచ్చింది ఒక్కటే.
రెగ్వా స్టేషన్‌లో, దెయోలిండా అత్తతో
రెండు వేసవులు మిఠాయి అమ్మాను,
తెల్ల ఏప్రన్ కట్టి.
రైలు ఆగేది రెండే నిమిషాలు.
అన్ని కిటికీలకీ వినిపించాలి.

మొదట గొణిగాను.
బార్ చివర ఎవరో "రైలు పోతోందమ్మా" అన్నట్టు దగ్గారు.
అప్పుడు అరిచాను.
రె...బు...సా...దుష్!
తేనెవి, నిమ్మవి, అమ్మా అయ్యా,
పిన్యావ్ దాకా ఒకటి, తువా దాకా రెండు,
పొసిన్యు దాకా పొట్లం,
పొసిన్యు తర్వాత పట్టాలు లేవు.
నా పాటా లేదు.

కాసేపు ఎవరూ కదల్లేదు.
ఆ 'సా' దగ్గర జారిన స్వరాన్ని
సోర్కా ఫిడేలు మీద వెతికి, తప్పి, మళ్ళీ వెతికి పట్టుకుంది.
నోరీన్ "పొట్లం ఎంత?" అంది.
యూరోన్నర అన్నాను.
అలవాటు కొద్దీ.

వంతు ఇప్పుడు నాది.
ఆ గిలక ముసలాయన్ని చూపించాను.
"నేను పాడను. పట్టుకుంటానంతే."
మరి నా చెయ్యి పట్టుకోలేదేం అన్నాను,
బీరు ఇచ్చిన చనువుతో.
ఆయన నన్ను కాదు, నా మోచేతుల్ని చూశాడు.
"నీకు ఖాళీ ఎక్కడిది?
రెండు చేతులా బుట్ట పట్టుకుని ఉంటివి."

ఆదివారం పొద్దున్నే బస్సు.
వౌట్ టోపీ పోగొట్టుకున్నాడు.
తియానా మూడు స్వెటర్లతోనే ఎక్కింది,
నాలుగోది ఎవరికిచ్చిందో చెప్పలేదు.
అందరూ ఒకరి మీద ఒకరు నిద్ర.
నా ఒళ్ళో సంచి.
పెద్ద బరువేం లేదు,
అయినా కింద పెట్టలేదు.