పండుకొని కట్టే బట్ట

రువైస్ క్యాంపు లాండ్రీల, శుక్రవారం.
గచ్చు మీద డంకన్ సారు
గళ్ల ఉన్ని బట్ట పరిచిండు.
కింద బెల్టు, మీద కుచ్చిళ్లు,
కుచ్చిళ్ల మీద తను, ఎల్లెలుకల.

లేస్తే అన్నీ జారినయి.
మళ్ల పండుకున్నడు.

వాళ్ల తాతకు వచ్చునట. నాయినకు రాదట.
ఫోన్ల జూసి నేర్చుకుంటున్నడు
అరవై ఏండ్లకు.

నవ్వొచ్చింది, ఆపుకున్న.
సిరిసిల్ల సాంచాల మీద
పదేండ్లు గళ్ల లుంగీలు నేసినోణ్ని,
గడి మీద గడి పడితేనే మడత.
మోకాళ్ల మీద కూసోని
బెత్తెడు బెత్తెడు సర్దిన.

"ఇగ లే సార్."
లేచిండు. నిలిచింది.

బయట నలభై ఎనిమిది డిగ్రీలు.
ఉన్నిల చెమటలు గారంగ
అద్దం ముందట కదలకుంట నిలబడ్డడు,
ఎవరో పేరు పెట్టి పిలుస్తరన్నట్టు.

పిన్నొకటి మిగిలింది.
అదెక్కడ పెట్టాల్నో
ఇద్దరికీ తెల్వదు.