గాలి లెక్క

దగ్గంటే మా బ్యాండుల ఎవ్వడూ లెక్కచెయ్యడు.
జనరేటర్ పొగ, రోడ్డు మీద పటాకుల దుమ్ము
అన్నీ గొంతులకే పోతయి.
ముషీరాబాద్ సందుల మా షట్టర్ లేపంగనే
ముందు దగ్గులు మోగుతయి, తర్వాతనే బాజాలు.

బాలనర్సు దగ్గు వేరే ఉండె.
ఇరవై ఆరేండ్లు వాని పక్కన డ్రమ్ము కొట్టినోన్ని,
వాని ఊపిరి ఏడ తెగుతదో ఏడ అతుకుతదో
నా కట్టెలకు ఎరుక.
ట్రంపెట్ ఎత్తితే, ఒక్క దమ్ముల
గేటు కాడికెళ్లి మండపం మెట్ల దాక
పెండ్లికొడుకు గుర్రాన్ని గుంజుకపోయేటోడు.

మాఘమాసం. పద్దెనిమిది రోజులు, ఇరవై రెండు బరాతులు.
జెరం లోపల పెట్టుకొని
ఎర్రకోటు గుండీలు పెట్టుకున్నడు.
"డాక్టర్ తాన్కి పోదాం పా" అంటె
"ముహూర్తాలు అయిపోనీ" అన్నడు.
రోగానికి గూడ ముహూర్తం ఉంటదని
అప్పుడు నా నోటికి రాలే.

మెడికల్ షాపు పిలగాడు ఐదు రోజులకు పది గోలీలు ఇచ్చిండు.
రెండో దినానికే జెరం దిగింది.
మిగిలినయి పొట్లం కట్టి
బ్యాండు టోపి లోపలి పట్టీల చెక్కిండు.
"మల్ల వొస్తే పనికొస్తయి."
పొదుపు మా ఇండ్లల్ల మంచి గుణం:
అరిగిన సబ్బుముక్క, చిరిగిన నోటు, మందుబిల్ల.

అనసూయ మిరియాల కషాయం కాచింది.
చాయ్‌ల అల్లం దంచి ఏపిచ్చుకోమన్నడు సాక్సోఫోన్ సత్తార్.
నేను?
నేనేమన్ననో చెప్పాలె గద.
"కాచిగూడది ఒక్కటి చేద్దాం నర్సిగా,
పైసలు మంచిగిస్తున్నరు" అన్న.

కాచిగూడల సగం పాటకే ట్రంపెట్ ఆగింది.
జనం ఎగురుతనే ఉన్నరు, డ్రమ్ము ఉంది గద.
వాడు డివైడర్ మీద కూలబడి
పక్క పట్టుకొని
గాలిని చిన్న చిన్న గుక్కలు తాగుతుండు,
కాలే చాయ్ తాగినట్టు.
పెదాల మీద గుండ్రంగ ట్రంపెట్ ముద్ర,
దాని చుట్టు నీలం.
దస్తీల తుప్పురంగు.
ఇత్తడి మరక అనుకున్న నేను.

ఎర్రగడ్డ ఛాతీ దవాఖాన.
డాక్టరమ్మ ఎక్స్‌రే కిటికీకి పట్టింది.
ఒక దిక్కు నల్లగ, అది గాలట.
ఒక దిక్కు తెల్లగ, సున్నమేసిన గోడ లెక్క.
"తెలుపు మంచిది కాదా అమ్మా?" అన్నది అనసూయ.
"నిమోనియా ముదిరింది. తిత్తి చుట్టు చీము పట్టింది.
మొదటి వారంల వొస్తే గోలీలతోనే పోయేది."
అంతే అన్నది. తిట్టలే.
తిడితే బాగుండు.

పక్కబొక్కల నడుమ గొట్టం ఏసిండ్రు.
మంచం కింద సీసా, సీసల నీళ్లు.
వాడు ఊపిరి ఇడిస్తే ఒక బుడగ,
దగ్గితే నాలుగు.
రాత్రంత కింద పండుకొని ఇన్న.
తాళం తప్పుతున్నది.
నా వేళ్లు ఊకుంటయా?
బండల మీద మెల్లగ కొట్టుకుంట,
రా నర్సిగా, ఒకటి, రెండు, రా.

పక్క మంచం మీది కొరియర్ పిలగానికి
రోగం నెత్తుర్ల కలిసిందన్నరు.
తెల్లారేసరికి పరుపు మడత పెట్టిండ్రు.
వాని ఫోను ఇంకా చార్జింగు మీదనే ఉండె.

బాలనర్సు బతికిండు.
ఈ మాట చెప్తే అందరు "హమ్మయ్య" అని లేసిపోతరు.
ఎడమ తిత్తి ముడుసుకపోయింది.
ఒక అంతస్తు ఎక్కితే రెండుసార్లు కూసుంటడు.
ట్రంపెట్ ఊదితే, పై సురం కాడ
సైకిల్ ట్యూబు దిగిన సప్పుడు.
ఇప్పుడు మా ఎనక నిలబడి తాళాలు కొడుతుండు,
సగం కూలికి.
వాని టోపి కొత్త పిలగానికిస్తే
పట్టీల గుచ్చుకుంటున్నదని ఇప్పి చూసిండు.
ఆరు గోలీలు.

ఇయ్యాల నా దగ్గుకు పన్నెండో రోజు.
పొద్దుమీకి చిక్కడపల్లిల బరాతు.
బస్తీ దవాఖాన బెంచి మీద
మోకాళ్ల మీద డ్రమ్ము కట్టెలు పెట్టుకొని కూసున్న.
టోకెన్ పందొమ్మిది.
మాస్టర్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండు,
ఎత్తుతలేను.
"పదహారు" అని పిలిచింది నర్సు.