అంగుళం పైకి

కాసిమేడు ఇసకలో మా పడవ
మూడు రోజులుగా ఒరిగి పడుకుంది.
కడుపు నిండా గుల్లలు.
ఉలి, కొబ్బరిపీచు, నా పాత సత్తు గరిటె.
గీకుతుంటే ఆరు బకెట్ల సముద్రం రాలింది.

"పెద్ద ఇంజన్ కొనాల్సిందే" అన్నాడు దానేలు.
పోలారావు పదిహేను గుర్రాలది తెచ్చాడట,
వేలంపాటకి వాడి బుట్టే ముందు దిగుతోందట.
నేను మాట్లాడకుండా పుస్తకం తీశాను.
ఎనిమిదేళ్ల లెక్క.
ఆదివారం ముప్ఫై రెండు లీటర్లు, రెండు బుట్టల కానాగంతలు.
మంగళవారం ముప్ఫై నాలుగు, ఉత్త వల.
ఇంజన్ తాగిందానికి ఒక గడి,
మేం తిన్నదానికి ఒక గడి.
రెండో గడిలో అంకెలకన్నా గీతలే ఎక్కువ.

కన్నియప్పన్ వచ్చాడు.
సగం తెలుగు, సగం తమిళం, మిగతాది స్పానరు.
పంకా రెక్క అంచున గోరుతో తడిమాడు,
ఎన్నూరు బండ కొరికిన గాటు దగ్గర ఆగాడు.
"ఇది ఆశపోతు పంకా, అక్కా.
ఒక్క తిరుగుడుకి పుట్టెడు నీళ్లు నోట్లో పెట్టుకుంటది,
ఇంజన్ నమల్లేక ఏడుస్తది.
చిన్న ముద్ద పెట్టు."

ఇంజన్ మెడలోతు మునిగిపోయిందన్నాడు.
అంగుళం ఎత్తాలన్నాడు, అంగుళమే,
ఇంకొంచెం ఎత్తితే నీళ్లకి బదులు గాలి మింగుతుందట.
నేను చేపలు కోసే పలక చివర
రంపంతో అడ్డంగా కోసి
ఇంజన్ కింద ఎత్తు పెట్టాడు.
(ఇప్పుడు వంజరం కోస్తే తోక కిందకి వేలాడుతోంది.)

నూనె డబ్బాలు, ఐసుపెట్టె, లంగరు,
అన్నీ అమరంలోనే.
అణియం ఆకాశం చూస్తోంది.
"దేవుడితో మాట్లాడ్డానికి బాగానే ఉంటది,
నీళ్లు కొయ్యడానికి పనికిరాదు."

అప్పుడు అడుగున సుత్తితో కొట్టాడు.
ఠంగుమనాల్సిన చోట
ధబ్బుమంది.
మళ్లీ కొట్టాడు. ధబ్బే.
డ్రిల్లు పెట్టగానే
ఫైబరు పొరల మధ్యనుంచి
సన్నటి ధార, కుళ్లిన స్పంజి వాసన.
వర్దా తుఫాను నీళ్లో, దాని ముందువో.
రాత్రంతా కారాయి.
పదకొండు బకెట్లు, నేనే పట్టాను, నేనే లెక్కపెట్టాను,
నూట అరవై అయిదు కిలోలు.

సముద్రాన్ని పడవలో దాచుకుని
సముద్రం మీదకి మోసుకెళ్లి
మళ్లీ మోసుకొచ్చాం ఇన్నాళ్లూ,
దానికి నూనె పోసి మరీ.

దానేలు బీడీ వెలిగించలేదు.
ఇద్దరికీ ఒకే పేరు గుర్తొచ్చింది, ఎవరం అనలేదు.
నిరుడు దసరా వెళ్లిన వారం,
పడవ ఈడ్చుకుపోతోంది, ఇద్దరు చాలు అని
మాన్పించిన అసిరయ్య.

పరీక్షకి నన్నూ ఎక్కించుకున్నారు.
ఫోన్‌లో అంకె పంతొమ్మిది దాటేది కాదు ఎప్పుడూ.
ఇరవై రెండు. ఇరవై నాలుగు.
ముక్కు దిగింది, నీళ్లు కుట్టువిప్పిన చీరలా విడిపోయాయి.
దానేలు చెయ్యి ఇంకా తిప్పబోయింది,
కన్నియప్పన్ పట్టుకున్నాడు.
"పూర్తి స్పీడు పోలారావుకి చూపించడానికి.
మూడొంతులకి తగ్గించు. చూడు,
ఇక్కడ పడవ నీళ్లమీద కూచుంది.
ఇక్కడే ఉండు, ఇక్కడే తక్కువ తాగుద్ది."

గురువారం గడిలో రాశాను: ఇరవై మూడు లీటర్లు.
రెండుసార్లు కొట్టేసి, రెండుసార్లు అదే రాశాను.

సాయంత్రం ఐసు ఫ్యాక్టరీకి నడిచాను.
అసిరయ్య దిమ్మల్ని కొక్కెంతో లాగుతున్నాడు.
క్షమించమనడానికి మాట కుదర్లేదు,
పనిమాటే వచ్చింది:
"రేపు మూడింటికి రా.
ముందువైపు బరువు కావాలంట పడవకి."

నన్ను చూశాడు చాలాసేపు.
డెబ్బై ఎనిమిది కిలోల మనిషి.
చేతుల మీది ఐసుపొడి లుంగీకి తుడుచుకుని
"ఎంత ముందుకి?" అన్నాడు.