తుడిచి అడగాలి

ఎల్ ఆల్టోలో ఇంకా తెల్లారలేదు.
వదిలిన ఊపిరి కాసేపు మన ముందే నిలబడుతుంది.
దోన్యా యోలా ముందుసీటు ఎత్తింది.
మా టొయోటాకి గుండెకాయ సీటు కిందే,
చలికాలం కూర్చున్నవాడి పిర్రలకి అదొక ఉపకారం.

జపాన్‌లో కుడివైపు ఉండే స్టీరింగుని
ఇక్కడికొచ్చాక కోసి ఎడమకి మార్చారు.
పాత చోట రేకుముక్క అతుకు.
గేర్‌బాక్స్ మాత్రం పుట్టినప్పటిదే.

"ఇంజను ఆపకు లింబెర్," అంది.
"ఇంజన్ ఆయిల్‌కైతే ఆపి చూడాలి.
గేరు నూనెకి తిరుగుతుండగానే.
పడుకున్నోడి నాడి వేరు, పరిగెత్తేవాడి నాడి వేరు."
బ్రేకు తొక్కిపట్టి
గేరుని వెనక్కీ, మధ్యకీ, ముందుకీ జరిపి
మళ్ళీ పార్కింగులోకి తెచ్చాను.

సన్నటి పుల్ల పైకి లాగింది.
పీలికతో తుడిచింది, దించింది, మళ్ళీ లాగింది.
మొదటిసారి చెప్పేది అబద్ధమేనట.
తుడిచి అడిగితేగానీ నిజం రాదట.

పుల్ల మీద జపాను అక్షరాలు, మా ఇద్దరికీ రావు.
కింది గాట్లు చల్లగా ఉన్నప్పటికి, పై గాట్లు వేడెక్కాక.
అంత చదువు చాలు.
నూనె కింది గాటుకే అందలేదు.
దానిమ్మ గింజలా ఉండాల్సింది
పొయ్యి మీద మరిచిపోయిన టీలా ఉంది.

వేలికి రాసుకుని వాసన చూసింది.
ఆ వేలే నా ముక్కు దగ్గర పెట్టింది.
మాడిన మొక్కజొన్న పేలాలు.

"రాత్రి ఎన్ని ట్రిప్పులు?"
"రెండే, దోన్యా."

ఐదు.
ఐదోదానికి సీటుకి ఇద్దరెక్కువ,
టాపు మీద బంగాళాదుంప బస్తాలు,
ముందుపోయేవాణ్ణి దాటాలన్న పంతం,
లా పాజ్ గోతిలోంచి పైదాకా ఎక్కుడే ఎక్కుడు.
మూడో మలుపులో గేరు జారిపోయి బండి మొరాయిస్తే
యాక్సిలరేటర్ మీద నిలబడ్డాను.
ఆ మూడు ట్రిప్పుల డబ్బు నా ఎడమ మేజోడులో ఉంది.
కదిలితే మోగుతుందేమోనని
తేలు కుట్టిన దొంగలా
ఉన్నచోటే ఉన్నాను.

టార్చి పట్టుకుని వంగి బండి కింద చూసింది.
నేల మీద నాణెమంత ఎర్ర మరక.
"సీలు చెమర్చింది. కారడం దాని తప్పు,"
అంది లేస్తూ.
"మాడటం?"
అని, జవాబు కోసం ఆగలేదు.

పొడుగు మెడ గరాటు పుల్ల గొట్టంలో గుచ్చి
సీసా నా చేతికిచ్చింది.
శుక్రవారాలు టైర్ల మీద బీరు చిలకరించి
మొదటి చుక్క పచమామకి వదులుతాం కదా,
అలవాటుగా నేలవైపు వంచబోయాను.
"ఆమెకిది అరగదు," అంది.

కొంచెం పొయ్యి. ఆగు. చూడు.
ఇంకొంచెం. ఆగు.
తక్కువైతే జారుతుంది, ఎక్కువైతే నురగ కక్కుతుంది,
పొయ్యడమంత తేలిక కాదు తియ్యడం.
సన్నగా, దారంలా దిగుతోంది ఎరుపు.
కొండ అవతల ఇల్లిమాని మంచుకి రంగొచ్చేదాకా
ఇద్దరం ఒక పుల్లనే చూస్తూ కూర్చున్నాం.

పై గాట్ల మధ్యకొచ్చింది.
వేలు నా చొక్కా చేతికి తుడుచుకుంది,
పీలిక పక్కనే ఉన్నా.
తాళం ఎలాగూ బండికే ఉంది.
"నడుపు," అంది. "రాత్రికి మాత్రం రెండే."

మెత్తగా పడింది గేరు, ఏమీ జరగనట్టు.
క్లచ్ లేని ఆ బండిలో
పనిలేని నా ఎడమకాలి కింద
సెంటర్ దాకా
నాణేలు గుచ్చుకుంటూనే ఉన్నాయి.